గడియారపు గుండె సవ్వడి

ప్రవేశిక

శబ్దం చెవికి ఇంపు కలిగించేది మాత్రమే కాదు. వస్తువు లోపలి స్థితిని బయటకు తెలిపే సాక్ష్యం కూడా. చేతిగడియారం అసలుదో నకిలీదో దాని సవ్వడిని బట్టి ఎంతవరకు తేల్చవచ్చునో, ఎక్కడ తేల్చలేమో వివరించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం. సాక్ష్యాన్ని తూచి చూసి, తొందరపడకుండా తీర్పు చెప్పే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం ఇందలి పరమార్థం.

పాఠ్యభాగం

మానవుడు తన పంచేంద్రియాలతో లోకాన్ని పరీక్షిస్తాడు. కంటితో చూసి, చేతితో తాకి, వాసన పట్టి, రుచి చూసి వస్తువుల గుణదోషాలను నిర్ణయించడం ఎంత ప్రాచీనమో, మోగించి విని నిర్ణయించడమూ అంతే ప్రాచీనం. సంతలో కుండ కొనే ఇల్లాలు దానిని వేలి కణుపుతో తట్టి చూస్తుంది. ఖంగున మోగితే చంకనెత్తుకొంటుంది, బోలుగా పలికితే పక్కన పెడుతుంది. వెండి రూపాయలు చెలామణిలో ఉన్న రోజులలో వర్తకుడు నాణేన్ని రాతిపలకపై మోగించి, దాని నాదాన్ని విన్న తరువాతనే గల్లాపెట్టెలో వేసుకొనేవాడు. గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప కల్లాలలో రైతు ఎండిన కాయలను గుప్పిట పట్టి ఊపుతాడు. లోపలి గింజలు గలగలమంటే కాయ ఎండినట్లు, మూగగా ఉంటే ఇంకా తేమ ఉన్నట్లు. రాతిపనివాడు సుత్తితో తట్టి బండలోని పగులును పసిగడతాడు.

వైద్యశాస్త్రం కూడా ఈ మార్గంలోనే నడిచింది. ఆస్ట్రియా దేశపు వైద్యుడు ఔయెన్‌బ్రుగ్గర్ రోగి ఛాతీని వేళ్ళతో తట్టి, వెలువడే ధ్వనిని బట్టి లోపలి వ్యాధిని గుర్తించే పద్ధతిని 1761లో ప్రకటించాడు. ఫ్రాన్సు దేశపు వైద్యుడు లేనెక్ 1816లో స్టెతస్కోపును కనిపెట్టాడు. శరీరాన్ని కోయకుండానే గుండె పలుకును వినగలగడం అప్పటి నుంచి వైద్యునికి నిత్యకృత్యమైంది. గుండెలాగే నిరంతరం కొట్టుకొనే యంత్రం మన మణికట్టు మీద మరొకటి ఉంది. అదే గడియారం.

తెలుగునాట చేతిగడియారం కేవలం కాలాన్ని తెలిపే సాధనంగా ఉండిపోలేదు. ఒకనాడు పెళ్ళిలో అల్లునికి పెట్టే లాంఛనాలలో వాచీకి ప్రత్యేకస్థానం ఉండేది. ఉద్యోగ విరమణనాడు తోటివారు పూలదండతో పాటు వాచీని బహూకరించేవారు. ఒంగోలు వంటి పట్టణం చుట్టుపక్కల పల్లెలన్నింటికీ అంగడి. పొగాకు, మిరప, పత్తి అమ్మిన సొమ్ము చేతికి వచ్చిన ఏడాది రైతు తీర్చుకొనే ముచ్చటలలో వాచీ ఒకటి. అందువల్లనే పాత పెట్టె అడుగున దొరికిన తాతగారి గడియారానికి దాని వెలను మించిన విలువ ఉంటుంది.

ఆ పాత గడియారాలలో ఎక్కువ భాగం హెచ్.ఎం.టి. వారివే. బెంగుళూరులోని ఈ ప్రభుత్వరంగ సంస్థ 1961లో జపాను దేశపు సిటిజన్ సంస్థ సహకారంతో వాచీల తయారీకి పూనుకొంది. జనతా, పైలట్, సోనా, కాంచన్ మొదలైన పేర్లతో అది తయారుచేసిన గడియారాలు దేశమంతటా వ్యాపించాయి. ‘దేశ్ కీ ధడ్‌కన్’ అన్నది ఆ సంస్థ నినాదం. దేశపు గుండెచప్పుడు అని దాని అర్థం. మన హైదరాబాదులోని ఆల్విన్ సంస్థ కూడా 1980వ దశకంలో జపానుకు చెందిన సీకో సంస్థ సాంకేతిక సహకారంతో వాచీలు తయారుచేసింది. కాలక్రమంలో బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ గడియారాల పోటీకి కీ ఇచ్చే గడియారాలు వెనుకబడ్డాయి. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్.ఎం.టి. వాచీల సంస్థ మూసివేతకు ఆమోదం తెలిపింది.

ఒక వస్తువు అరుదైనదని తెలిసిన మరుక్షణం దానికి గిరాకీ పెరుగుతుంది. గిరాకీ వెంట నకిలీ నీడలా నడుస్తుంది. పాత యంత్రానికి కొత్తగా రంగు వేసిన డయల్ బిగించడం, నాలుగు చెడిపోయిన గడియారాల భాగాలను కలిపి ఒకటిగా కూర్చడం, ‘వాడకుండా నిల్వ ఉన్న సరుకు’ అని చెప్పి అమ్మడం వంటి మోసాలు పాత వాచీల సంతలో సాధారణమయ్యాయి. ఖరీదైన స్విట్జర్లాండు గడియారాల విషయంలో ఈ మోసం ఇంకా సూక్ష్మమైనది. పైకి చూసి భేదం కనిపెట్టడం అనుభవజ్ఞులకే కష్టం. మరి లోపలి యంత్రం పలికే సవ్వడి నిజాన్ని చెప్పగలదా?

ఈ ప్రశ్నకు సమాధానం తెలియాలంటే ముందుగా ఆ సవ్వడి ఎలా పుడుతుందో తెలుసుకోవాలి. మనం కీ ఇచ్చినప్పుడు గడియారంలోని మెయిన్ స్ప్రింగ్ బిగుసుకొంటుంది. అది విప్పుకొనే ప్రయత్నంలో పళ్ళచక్రాల వరుసను తిప్పుతుంది. అడ్డు లేకపోతే ఆ శక్తి అంతా కొద్దిసేపటిలోనే వృథా అయిపోతుంది. దానిని అదుపు చేసేది బ్యాలెన్స్ చక్రం. వెంట్రుక వంటి సన్నని హెయిర్ స్ప్రింగ్ సాయంతో ఈ చక్రం అటూ ఇటూ ఊగుతుంది. డచ్చి శాస్త్రవేత్త హైగెన్స్ 1675లో ఇట్టి స్ప్రింగును గడియారానికి అమర్చిన విధానాన్ని ప్రకటించాడు. ఊగే చక్రానికీ, పళ్ళచక్రాల వరుసకూ నడుమ లంగరు ఆకారంలో చిన్న ఫోర్కు ఉంటుంది. దాని రెండు చివరలా కెంపురాళ్ళు పొదిగి ఉంటాయి. బ్యాలెన్స్ చక్రం ఒక్కసారి ఊగినప్పుడల్లా ఫోర్కు చివరి చక్రంలోని ఒక పన్నును వదిలి, వెంటనే మరొక పన్నును పట్టుకొంటుంది. వదలడం, పట్టడం అనే ఈ నిరంతర క్రియ నుంచే ‘టిక్ టిక్’ పుడుతుంది.

మన చెవికి ఒక్కటిగా వినిపించే ఆ ‘టిక్’లో నిజానికి మూడు శబ్దాలున్నాయి. బ్యాలెన్స్ చక్రానికి అమర్చిన చిన్న కెంపుపుల్ల ఫోర్కు చీలికను తాకినప్పుడు మొదటి శబ్దం పుడుతుంది. పళ్ళచక్రపు పన్ను కెంపురాయిని తోసినప్పుడు రెండవది పుడుతుంది. తరువాతి పన్ను రెండవ రాయిపై పడి, ఫోర్కు తన హద్దును తాకి ఆగినప్పుడు మూడవది పుడుతుంది. సాధారణంగా ఈ మూడవదే అన్నింటికన్న బిగ్గరగా ఉంటుంది. సెకనులో వందవ వంతుకు కాస్త అటూ ఇటూగా ఇదంతా జరిగిపోతుంది. ఆ వ్యవధిని చెవి విడదీయలేదు. సూక్ష్మమైన మైక్రోఫోను విడదీయగలదు. ఈ పని చేసే యంత్రాన్ని టైమ్‌గ్రాఫర్ అంటారు. గడియారాన్ని దాని పిడికిలిలో ఉంచితే యంత్రం ప్రతి టిక్‌నూ విని, గణించి, తెరపై గీతలుగా చూపుతుంది. నేడు సెల్‌ఫోన్లలో కూడా ఇటువంటి అనువర్తనాలు వచ్చాయి. సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని నమోదు చేసే సాధనానికి ఒక్క మిల్లీసెకనులోనే 44 నమూనాలు దొరుకుతాయి.

ఈ వినికిడి వల్ల మనకు నాలుగు విషయాలు తెలుస్తాయి.

మొదటిది, కొట్టుకొనే వేగం. ప్రతి యంత్రానికీ తయారీలోనే నిర్ణయమైన వేగం ఒకటి ఉంటుంది. హెచ్.ఎం.టి. జనతా గంటకు 18,000 సార్లు, అనగా సెకనుకు 5 సార్లు కొట్టుకొంటుంది. రోజుకు ఇది 4,32,000 టిక్కులు. చాలా ఆటోమేటిక్ గడియారాల వేగం గంటకు 21,600. ఆధునిక స్విస్ గడియారాలలో ఎక్కువ వాటికి 28,800, అనగా సెకనుకు 8. జెనిత్ సంస్థ 1969లో వెలువరించిన ఎల్ ప్రిమెరో యంత్రానికి 36,000.

రెండవది, గతిభేదం. గడియారం రోజుకు ఎన్ని సెకన్లు ముందుకు నడుస్తున్నదో, ఎన్ని సెకన్లు వెనుకబడుతున్నదో ఇది తెలుపుతుంది. జనతాలో రెండు టిక్కుల మధ్య ఉండవలసిన వ్యవధి 200 మిల్లీసెకన్లు. అది 0.02 మిల్లీసెకను పెరిగితే చాలు, రోజుకు దాదాపు 8.6 సెకన్లు ఆలస్యమవుతుంది. అత్యల్పమైన లోపం రోజు గడిచేసరికి ఎంతగా పోగుపడుతుందో దీనివల్ల గ్రహించవచ్చు.

మూడవది, కంపన పరిమితి. బ్యాలెన్స్ చక్రం మధ్యస్థానం నుంచి ఒక వైపునకు ఎన్ని డిగ్రీలు తిరుగుతున్నదో ఇది చెబుతుంది. మొదటి శబ్దానికీ, మూడవ శబ్దానికీ మధ్య కాలాన్ని బట్టి దీనిని లెక్కిస్తారు. చక్రం ఎంత దూరం ఊగితే మధ్యభాగాన్ని అంత వేగంగా దాటుతుంది. కనుక శబ్దాల నడుమ ఎడం తగ్గుతుంది. ఫోర్కుతో చక్రానికి సంబంధం ఉండే కోణం 52 డిగ్రీలనుకొని, గంటకు 18,000 వేగం గల గడియారంలో ఆ ఎడం 12 మిల్లీసెకన్లు ఉంటే కంపన పరిమితి సుమారు 276 డిగ్రీలు. ఎడం 16 మిల్లీసెకన్లకు పెరిగితే అది 207 డిగ్రీలకు పడిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న గడియారంలో పూర్తిగా కీ ఇచ్చి డయల్ పైకి ఉంచినప్పుడు ఇది సాధారణంగా 250 నుంచి 310 డిగ్రీల వరకు ఉంటుంది.

నాలుగవది, సమతూకం. ‘టిక్’కూ ‘టాక్’కూ వ్యవధి సమానంగా ఉన్నదో లేదో ఇది తెలుపుతుంది.

ఇక అసలు, నకిలీల మాట. ధ్వనిపరీక్ష కొన్ని అబద్ధాలను తక్షణమే బయటపెడుతుంది. కీ ఇచ్చే గడియారమని చెప్పినది సెకనుకు ఒక్కసారి మాత్రమే టిక్కుమంటే దానిలో క్వార్ట్జ్ యంత్రం ఉన్నదని అర్థం. క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపించినా, సాధారణంగా ముల్లు సెకనుకు ఒక్కసారే కదులుతుంది. అమెరికాకు చెందిన బులోవా సంస్థ 1960లో తెచ్చిన అక్యుట్రాన్‌లో శ్రుతిదండం సెకనుకు 360 సార్లు కంపిస్తుంది. అది టిక్కుమనదు, తుమ్మెదలా ఝుంకరిస్తుంది. అక్యుట్రాన్ అని చెప్పి అమ్మినది టిక్కుమంటే మాట తప్పినట్లే. అదేవిధంగా 28,800 వేగం ఉండవలసిన గడియారం 21,600 వేగంతో కొట్టుకొంటే దాని లోపలిది వేరొక యంత్రమని తెలుస్తుంది.

అయితే ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకే పేరు గల గడియారంలో కాలాన్ని బట్టి యంత్రం మారుతుంది. రోలెక్స్ గడియారమంటే 28,800 అని కంఠస్థం చేసినవాడు ఆ సంస్థ పాత 1570 యంత్రం 19,800 వేగంతో కొట్టుకోవడం విని, అసలైన దానినే నకిలీ అని తోసిపుచ్చే ప్రమాదముంది. కనుక ఏ సంవత్సరంలో ఏ యంత్రం వాడారో తెలియకుండా చేసే ధ్వనిపరీక్ష నిష్ప్రయోజనం. రెండవ చిక్కు మరింత గట్టిది. స్విట్జర్లాండు వారి ఈటీఏ 2824 యంత్రానికి చైనాలో అనుకరణలు తయారవుతున్నాయి. అసలుది గంటకు 28,800 సార్లు కొట్టుకొంటే అనుకరణ కూడా 28,800 సార్లే కొట్టుకొంటుంది. అందువల్ల ధ్వని ఒక వస్తువు అబద్ధమని చాటగలదే గాని, ధ్వని సరిపోయినంత మాత్రాన అది నిజమని రూఢి చేయలేదు. ఈ సూత్రాన్ని విద్యార్థులు బాగుగా గుర్తుంచుకోవాలి.

దీనిని ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం. ఒంగోలులో చదువుకొంటున్న ఒక విద్యార్థికి తాతగారి జనతా వాచీ దక్కిందనుకొందాం. దానికి తోడుగా అటువంటిదే మరొకటి తళతళలాడే డయల్‌తో అమ్మకానికి కనిపించగా బయానా ఇచ్చి తెచ్చుకొన్నాడు. రెండింటినీ అనుభవజ్ఞుడైన రిపేరరు ముందు పెట్టాడు. టైమ్‌గ్రాఫర్ మీద తాతగారి వాచీ కంపన పరిమితి 190 డిగ్రీలు. రోజుకు 2 నిమిషాలు ఆలస్యం. గీతలు చిందరవందర. కొత్తగా తెచ్చిన దాని కంపన పరిమితి 270 డిగ్రీలు. గీతలు దారం లాగినట్లు తిన్నగా ఉన్నాయి. విద్యార్థి ముఖం చిన్నబోయింది.

“మా తాతయ్యది డూప్లికేటా, పెద్దాయనా?” అని అడిగాడు.

“తొందరపడకు బాబూ! దీనికి జబ్బు చేసిందే గాని ఇది అబద్ధమాడలేదు” అన్నాడాయన.

ఆయన రెండు వాచీల వెనుక మూతలు విప్పి, కంటికి భూతద్దం తగిలించుకొని చూశాడు. తాతగారి వాచీలో నూనె ఎండిపోయింది, దుమ్ము చేరింది. యంత్రం, డయల్, ముళ్ళు అన్నీ ఒక కాలానికి చెందినవే. రెండవ వాచీలో యంత్రం మంచిదే. డయల్ మీది అక్షరాలు మాత్రం లావుగా, అంచులు చెదిరి ఉన్నాయి. గంటల గుర్తులు సమానదూరంలో లేవు. పాత డయల్ మీద మళ్ళీ రంగు వేశారన్నమాట. మొదటిది రోగగ్రస్తమైన నిజం. రెండవది ఆరోగ్యవంతమైన అబద్ధం. సవ్వడి ఆరోగ్యాన్ని చెప్పింది. వంశాన్ని చెప్పినది కన్ను.

అల్పుని ఆడంబరాన్నీ, సజ్జనుని సౌమ్యతనూ లోహాల మోతతో పోల్చిన వేమన పద్యం తెలుగు విద్యార్థులందరికీ పరిచితమే. ఆ పోలిక ఇక్కడ మరొక విధంగా అన్వయిస్తుంది. గట్టిగా, తీరుగా పలికినదల్లా మేలిమి కాదు. తడబడుతూ పలికినదల్లా కల్తీ కాదు.

అందువల్ల పరీక్షకు ఒక క్రమం అవసరం. ముందుగా గడియారానికి పూర్తిగా కీ ఇచ్చి కొంతసేపు నడవనివ్వాలి. ఫంకా ఆపి, రోడ్డు మోత వినిపించని గదిలో పరీక్షించాలి. డయల్ పైకి, డయల్ కిందికి, కీ మొలక కిందికి ఉండేటట్లు వేర్వేరు భంగిమలలో వినాలి. భూమ్యాకర్షణ ప్రభావం వల్ల భంగిమ మారితే గతి కొంత మారడం సహజం. కొలిచే సాధనం కూడా తప్పులకు అతీతం కాదు. సెల్‌ఫోను లోపలి గడియారంలో పదిలక్షల వంతులలో 10 వంతుల తేడా ఉంటే ఫలితం రోజుకు 0.86 సెకను తప్పుతుంది. ఆ తరువాత ఆ యంత్రానికి ఉండవలసిన వేగంతో ఫలితాన్ని పోల్చాలి. చివరగా మూత విప్పించి యంత్రంపై ముద్రలు, సంఖ్యలు, డయల్ వెనుక భాగం, కొనుగోలు కాగితాలు పరిశీలించాలి. ఇవన్నీ ఒక్కమాటగా పలికినప్పుడే తీర్పు చెప్పాలి.

ఈ విచక్షణ వేడుక కోసం కాదు. నకిలీని అసలని నమ్మితే కొన్నవాని కష్టార్జితం పోతుంది. అసలును నకిలీ అని ప్రకటిస్తే అమ్మినవాని పరువు పోతుంది, లేదా ఒక ఇంటి జ్ఞాపకం తుక్కు కింద చేరుతుంది. ఇతరుల వ్యాపార చిహ్నాన్ని మోసపూరితంగా వాడుకోవడం 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం ప్రకారం నేరం. మోసపోయిన కొనుగోలుదారు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. అందుకు రసీదు ఆధారం. కొనేవేళ రసీదు అడగడం మొహమాటపడవలసిన విషయం కాదు.

గడియారం తన సవ్వడితో ఎన్నడూ బొంకదు. అది అడిగిన ప్రశ్నకు మాత్రమే సమాధానం చెబుతుంది. ఏ ప్రశ్న అడిగామో, ఏ ప్రశ్నకు అది సమాధానం చెప్పలేదో తెలుసుకోవడమే సత్యాన్వేషణలో తొలిమెట్టు. ఈ నియమం వాచీలకు మాత్రమే కాక మనం వినే ప్రతి మాటకూ వర్తిస్తుంది.

కఠిన పదాలకు అర్థాలు

నాదం = ధ్వని, మోత
చెలామణి = వాడుక, మారకం
లాంఛనం = ఆచారంగా ఇచ్చే కానుక
గిరాకీ = కొనేవారి కోరిక
బయానా = ముందుగా ఇచ్చే కొంత సొమ్ము
కంపన పరిమితి = ఊగే వస్తువు మధ్యస్థానం నుంచి జరిగే గరిష్ఠ దూరం లేదా కోణం
రూఢి చేయు = నిశ్చయపరచు
మేలిమి = స్వచ్ఛమైనది
విచక్షణ = మంచిచెడ్డలను వేరుచేసే జ్ఞానం

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. చేతిగడియారంలో సవ్వడి పుట్టే విధానాన్ని, దానివల్ల తెలిసే నాలుగు విషయాలను వివరించండి.
2. ‘ధ్వని అబద్ధాన్ని చాటగలదే గాని నిజాన్ని రూఢి చేయలేదు’ – పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. ధ్వనిని బట్టి వస్తువులను పరీక్షించే సంప్రదాయ పద్ధతులను తెలపండి.
2. హెచ్.ఎం.టి. వాచీల చరిత్రను సంగ్రహంగా రాయండి.
3. వేమన పోలిక ఈ పాఠంలో ఎలా అన్వయించింది?

ఇ) సందర్భ సహిత వ్యాఖ్య రాయండి
1. “దీనికి జబ్బు చేసిందే గాని ఇది అబద్ధమాడలేదు.”
2. “సవ్వడి ఆరోగ్యాన్ని చెప్పింది. వంశాన్ని చెప్పినది కన్ను.”

ఈ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. జనతా వాచీ సెకనుకు ఎన్నిసార్లు కొట్టుకొంటుంది?
2. స్టెతస్కోపును ఎవరు, ఎప్పుడు కనిపెట్టారు?
3. గడియారపు టిక్కులను విని గణించే యంత్రం పేరేమి?

ఉ) విడదీసి సంధి పేరు తెలపండి
పంచేంద్రియాలు, అత్యల్పం, సజ్జనుడు, సత్యాన్వేషణ

ఊ) విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి
గుణదోషాలు, ధ్వనిపరీక్ష, పంచేంద్రియాలు

ఋ) ప్రాజెక్టు పని
మీ ఊరిలో కుమ్మరి, కంచరి, రాతిపనివాడు, గడియారాల రిపేరరు – వీరిలో ఒకరిని కలిసి, తమ వృత్తిలో చెవిని ఎలా ఉపయోగిస్తారో తెలుసుకొని ఒక పుటకు మించకుండా రాయండి.